మనకేం చేసిండంటావా, దోస్తూ!

కల్వకుర్తి

దోస్తూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు జైపాల్ రెడ్డి పేరు పెట్టడం నీకు అస్సలు నచ్చలేదన్నావు. "పదవులన్నీ ఢిల్లీలో అనుభవించిండు, మన జిల్లాకేం చేసిండు? నీళ్ల ప్రాజెక్టుకు ఆయన పేరెందుకు?" అన్నావు. ఫోన్లో జవాబు చెబుదామంటే నువ్వు మధ్యలో అడ్డం పడతావు, నేను గొంతు పెంచుతా, మాట ఎటో పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా. కొంచెం పొడుగే అవుతుంది, తీరిగ్గా చదువు.

పేరు సంగతి ముందే చెప్పేస్తా. 2025 జనవరిలో మంత్రివర్గం ఆ పేరు ఖాయం చేసింది. ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 2015లో, అప్పటికి ఆయనకు ఏ పదవీ లేదు. పేరు ఎవరిదైనా 12 లక్షల ఎకరాలకు పైగా నీళ్లు పారితే చాలు నాకు. దాని మీద నీతో పోట్లాడను. కానీ "ఏం చేసిండు" అన్న మాట మాత్రం వదల్లేను. ఎందుకంటే మనం ఎమ్మెల్యేని అడగాల్సింది ఎంపీని అడుగుతున్నాం, ఎంపీని అడగాల్సింది ఎవర్నీ అడగడం లేదు.

ఆయన పుట్టింది 1942 జనవరిలో, నల్లగొండ జిల్లా నెర్మటలో. సొంతూరు మాడ్గుల. అప్పుడది మన పాలమూరు జిల్లాలోదే, ఇప్పుడు రంగారెడ్డిలో కలిసింది. చదువు కొంత దేవరకొండలో, తర్వాత ఉస్మానియాలో. చిన్నప్పుడే పోలియో సోకింది, జీవితమంతా చంకల్లో కర్రలతోనే నడిచారు. అప్పట్లో మన పల్లెలకు దారులెట్లా ఉండేవో నీకు తెలుసు కదా. అట్లాంటి దారుల్లో ఆ కర్రలతో ఓట్లడిగి 1969 నుంచి 1984 దాకా కల్వకుర్తి ఎమ్మెల్యేగా నాలుగుసార్లు గెలిచారు. ఇదే కల్వకుర్తి 1989లో ఎన్టీఆర్‌ను ఓడించిందని మర్చిపోకు. మనవాళ్లు మొహమాటానికి ఓటేసే రకం కాదు.

అసలు విషయం 1975 దగ్గర మొదలవుతుంది. ఇందిరాగాంధీ ఎమర్జెన్సీ పెట్టినప్పుడు జైపాల్ రెడ్డి కాంగ్రెస్ ఎమ్మెల్యే. వయసు ముప్పై మూడు. రాష్ట్రంలో, ఢిల్లీలో ఎక్కడ చూసినా వాళ్ల పార్టీదే రాజ్యం. మాట్లాడకుండా కూర్చుంటే రేపో మాపో మంత్రి పదవి వచ్చేది. పత్రికలకు సెన్సార్, ప్రతిపక్ష నాయకులందరూ జైళ్లలో. అట్లాంటి రోజుల్లో సొంత పార్టీలో ఉండి ఇది తప్పన్నారు. 1977లో కాంగ్రెస్ వదిలి జనతాలో చేరారు. ఆ ఎన్నికల్లో దేశమంతా జనతా గాలి వీచింది గానీ మన రాష్ట్రంలో మాత్రం కాంగ్రెసే ఊడ్చేసింది. అంటే ఇక్కడ జనతాలోకి పోవడమంటే గెలిచే పార్టీలోకి పోవడం కాదు, ఓడే పార్టీలోకి పోవడం. అయినా 1978లో, 1983లో జనతా గుర్తు మీదే కల్వకుర్తిలో గెలిచారు. 1983 అంటే తెలుగుదేశం సునామీ వచ్చిన ఏడాది. ఆ ఏడు వేరే గుర్తు మీద గెలవడమంటే చిన్న విషయమా చెప్పు.

మధ్యలో 1980. ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు పోటీ చేస్తే, ఎదురు నిలబడింది ఈయనే. రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఓడిపోతానని తెలియక నిలబడ్డారా? ఎమర్జెన్సీని తప్పన్నవాడు, ఆ ఎమర్జెన్సీ పెట్టిన మనిషే మన ఇలాకాకు వచ్చి ఓట్లడుగుతుంటే ఎదురు నిలబడకపోతే ఎట్లా? నాకైతే ఆయన గెలిచిన ఎన్నికలన్నిటికంటే ఆ ఓటమే పెద్దదనిపిస్తుంది.

1984లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఇందిర హత్య తర్వాతి ఎన్నికలు, రాజీవ్‌గాంధీకి నాలుగు వందలకు పైగా సీట్లు. జనతా పార్టీకి దేశం మొత్తం మీద వచ్చినవి పది. ఆ పదిలో మన పాలమూరు సీటు ఒకటి. బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలులో ముడుపుల గొడవ వచ్చినప్పుడు ఆ కొద్దిమందే సభలో ప్రభుత్వాన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. నాలుగు వందల మంది బల్లలు చరుస్తుంటే, కర్రలు పక్కన ఆనించి, బెంచీ పట్టుకుని నిలబడి, ఒక్కో మాట తూచి మాట్లాడే మనిషిని ఊహించుకో. ఇంగ్లీషు ఎమ్మే చదివిన ఆయన మాటల్లో కొన్నిటికి ఢిల్లీ విలేఖరులు డిక్షనరీ తీసేవాళ్లని చెప్పుకుంటారు. గొంతేమో అచ్చంగా మన మాడ్గుల గొంతే, యాస కూడా దాచుకోలేదు. 1991 నుంచి ఏడాది పాటు రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నారు. అప్పుడు ప్రధాని పీవీ. ఇటు అధికారం, అటు ప్రతిపక్షం, రెండు చోట్లా తెలంగాణ పల్లెల్లోంచి వచ్చినవాళ్లే. ఆ సంగతి మనం ఎప్పుడైనా గొప్పగా చెప్పుకున్నామా?

తర్వాత గుజ్రాల్ ప్రభుత్వంలో సమాచార, ప్రసార శాఖ. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. దూరదర్శన్, ఆకాశవాణి ప్రభుత్వం చేతిలో ఉండకూడదు, స్వతంత్ర సంస్థ కింద ఉండాలని 1990లోనే ప్రసార భారతి చట్టం చేశారు. చేసి అటక మీద పెట్టారు. ప్రభుత్వాలు మారాయి, దాన్ని ఎవ్వరూ కిందికి దించలేదు. మనం చిన్నప్పుడు ఏడు గంటల వార్తల్లో ప్రతిపక్షం వాళ్ల మాట ఎన్నిసార్లు విన్నాం చెప్పు? 1997లో ఈయన మంత్రిగా ఉన్నప్పుడు ఆ చట్టం అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత ప్రసార భారతికి నిజంగా స్వతంత్రం దక్కిందా అంటే అంతంత మాత్రమే, అది వేరే కథ. కానీ తన చేతిలో ఉన్న మైకును తానే వదులుకోవడానికి సిద్ధపడిన మంత్రులు ఎంతమంది ఉంటారు? 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు ఇచ్చారు. దక్షిణాది నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటి మనిషి ఆయనే.

ఇక నువ్వు పట్టుకునే పాయింటు నాకు తెలుసు. 1999లో మళ్లీ కాంగ్రెస్‌లోకే పోయిండు కదా అంటావు. పోయారు. అప్పటికి జనతాదళ్ ముక్కలైపోయింది, బీజేపీకి ఎదురు నిలవాలంటే జాతీయ స్థాయిలో కాంగ్రెస్ తప్ప ఇంకోటి కనబడలేదు. కారణం నాకు అర్థమవుతుంది. అయినా 1977లో పార్టీ మారి పోగొట్టుకున్నారు, 1999లో పార్టీ మారి సంపాదించుకున్నారు. రెండిటినీ ఒకే తక్కెట్లో తూచలేం. మిర్యాలగూడ నుంచి రెండుసార్లు, చేవెళ్ల నుంచి ఒకసారి గెలిచి, 2004 నుంచి పదేళ్లు కేంద్రంలో మంత్రిగా ఉన్నారు. పట్టణాభివృద్ధి శాఖ చూశారు, ఢిల్లీ మెట్రో విస్తరణ, నగరాల బాగుకు కేంద్రం పెట్టిన జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం నిధులు ఆ కాలంలోవే. వాటి జోలికి ఎక్కువ పోను.

పెట్రోలియం శాఖ గురించి మాత్రం చెప్పాలి. 2011 జనవరిలో వచ్చింది ఆ శాఖ. కృష్ణా-గోదావరి బేసిన్లో డీ6 క్షేత్రం నుంచి రావాల్సినంత గ్యాస్ రావడం లేదు, ఉత్పత్తి పడిపోతోంది. దాన్ని నడిపే రిలయన్స్ కంపెనీయేమో ధర పెంచమంటోంది. యూనిట్‌కు 4.2 డాలర్లని ఒప్పుకున్న ధర 2014 మార్చి దాకా నడవాల్సిందే, మధ్యలో పెంచేది లేదని ఈయన శాఖ కూర్చుంది. పైగా చెప్పినంత ఉత్పత్తి చేయలేదు కాబట్టి సుమారు 100 కోట్ల డాలర్ల ఖర్చును లెక్కలోకి తీసుకునేది లేదని 2012లో నోటీసిచ్చింది. రిలయన్స్ ఒప్పుకోలేదు, భూగర్భంలోనే గ్యాస్ తక్కువుందన్నది వాళ్ల వాదన, మధ్యవర్తుల దాకా పోయింది. ఎవరిది ఒప్పో తేల్చేంత లెక్క నా దగ్గర లేదు. కానీ దేశంలో అంత పెద్ద కంపెనీకి కాగితం మీద కాదని రాయడానికి ధైర్యం కావాలి. 2012 అక్టోబర్‌లో శాఖ మార్చేసి సైన్స్ అండ్ టెక్నాలజీ ఇచ్చారు. కంపెనీ ఒత్తిడితోనే మార్చారని ప్రతిపక్షాలు ఆరోపించాయి, ప్రభుత్వం కాదంది.

అదే ఏడు సెప్టెంబర్‌లో సబ్సిడీ సిలిండర్లు ఏడాదికి ఆరే అన్నది కూడా ఈయన శాఖ చూస్తున్నప్పుడే. మా అమ్మ వంటింట్లో క్యాలెండర్ మీద సిలిండర్ పెట్టిన తేదీకి సున్నా చుట్టేది. నెలన్నర లోపు అయిపోతే ఆ రోజంతా ముభావంగా ఉండేది. స్నానాల నీళ్లకు మళ్లీ పెరట్లో కట్టెల పొయ్యి రాజేసింది, పొగకు కళ్లు నలుపుకుంటూ. తర్వాత ఆరును తొమ్మిది చేశారు గానీ, దాన్ని నేను సమర్థించను. పెద్ద కంపెనీ ముందు గట్టిగా నిలబడ్డ శాఖ మా అమ్మ దగ్గర కూడా అంతే గట్టిగా ఉండాల్సిన పని లేదు.

నిజంగా నాకు బాధ కలిగించింది ఇంకోటుంది. శాఖ తీసేసిన రోజు ఆయన నోరు విప్పాల్సింది. ముప్పై మూడేళ్ల వయసులో సొంత పార్టీని ఎదిరించిన మనిషి, డెబ్బై ఏళ్ల వయసులో, పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేనప్పుడు, ఇచ్చిన శాఖ తీసుకుని ఊరుకున్నారు. దేశానికి గ్యాస్ ధర వెనకున్న లెక్కలు విప్పి చెప్పగల గొంతు అది. నువ్వు "ఏం చేసిండు" అని అడగాల్సింది ఇక్కడ. మాడ్గులకు రోడ్డు వేశారా లేదా అన్న దగ్గర కాదు.

2014 ఫిబ్రవరి 18 గుర్తుందా? లోక్‌సభలో తెలంగాణ బిల్లు. మా ఇంట్లో వాడకట్టంతా టీవీ ముందు చేరింది. ఉన్నట్టుండి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. టెన్షన్‌తో ఎవరూ కూర్చోలేదు, ఒకాయన టీవీ నెత్తిన చెయ్యి వేసి కొట్టాడు కూడా. కాసేపటికి మూజువాణి ఓటుతో పాసైందని స్క్రోలింగ్ వచ్చింది. ఆ రోజు సభ లోపల, తెర వెనక పార్టీల మధ్య మాట కలిపినవాళ్లలో జైపాల్ రెడ్డి ఒకరు. కేంద్రమంత్రిగా ఉండి ఢిల్లీలో తెలంగాణ కోసం లోపలి నుంచి నెట్టుకొచ్చారు. బయట ఊరేగింపుల్లో కనబడలేదని మనవాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. మూడు నెలలు తిరక్కుండానే మహబూబ్‌నగర్‌లో మూడు వేల లోపు ఓట్లతో ఓడించారు. 2019 జులై 28న పోయారు. చివరి ఏళ్లలో కూడా సిద్ధాంతాల చరిత్ర మీద ఇంగ్లీషులో పుస్తకం రాసుకుంటూ కూర్చున్నారంటే ఆయన ఇష్టం దేని మీదో తెలుస్తూనే ఉంది.

నువ్వన్నదాంట్లో నిజం లేదని కాదు. కృష్ణ మన పక్కనే పారుతుంటే మనవాళ్లు మేస్త్రీల వెంట బొంబాయికి, పుణెకు మట్టి పనికి పోయారు. పదేళ్లు కేంద్రంలో ఉన్నాయన ఆ వలస మీద ఢిల్లీలో ఇంకా గట్టిగా అరవాల్సింది. ఆ బాకీ ఆయనకుంది. కానీ ఎంపీకొచ్చే నిధులు ఏడాదికి 5 కోట్లు, చూడాల్సినవి ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. ఆ డబ్బుతో కమ్యూనిటీ హాళ్లు కడితే పొగుడుతాం, చట్టం మీద నాలుగు గంటలు చదివి మాట్లాడితే మనకేం ఒరిగిందంటాం. నువ్వు చెప్పు, ఇప్పుడు మనం పంపుతున్నవాళ్లు సభలో ఏ బిల్లు మీద ఏం మాట్లాడారో మనలో ఒక్కరికైనా తెలుసా? సొంత పార్టీ తప్పు చేస్తే తప్పన్నవాళ్లు ఎవరున్నారు?

పాత లోక్‌సభ చర్చలన్నీ పార్లమెంటు వాళ్లు కంప్యూటర్లో పెట్టారు, పేరుతో వెతికితే దొరుకుతున్నాయి. 1985 నుంచి 89 దాకా ఆయన మాట్లాడినవి ఒక్కోటీ దించి పెడుతున్నా. మంచివి ఏరి నీకు వాట్సాప్ చేస్తా, చదివి అప్పుడు తిట్టు. మీ పెదనాయన దగ్గర 1980 మెదక్ ఎన్నికల నాటి కరపత్రాలు ఉండేవని ఒకప్పుడు అన్నావు. ఇంకా ఉంటే ఫోటోలు తీసి పంపు. వదినను, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ దోస్తు