కొత్త బ్యాటరీ కొనేముందు సెల్ఫ్ కొట్టే తీరు చూడండి

సంపాదకులకు నమస్కారం.

పొద్దున్నే సెల్ఫ్ నొక్కగానే బైకు ‘టక్ టక్’మని ఊరుకుంటే చాలామంది ముందు బ్యాటరీని తిడతారు, తర్వాత కొత్తది కొంటారు. కొన్నాళ్లకు అది కూడా అదే పాట పాడుతుంది. బటన్ మీద వేలు ఎంతసేపు ఉంచుతున్నాం, వైర్లు ఎంత బిగుతుగా ఉన్నాయి అన్నవి చూడకుండా బ్యాటరీ మారిస్తే డబ్బు దండగే. అందుకే ఈ ఉత్తరం.

చిన్న బండ్ల బ్యాటరీ సాధారణంగా 4, 5 ఆంపియర్-అవర్లు (ఒక ఆంపియరు కరెంటు గంటసేపు ఇస్తే ఒక ఆంపియర్-అవర్). సెల్ఫ్ మోటారు 50 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 2 సెకన్లలో ఇంజన్ అందుకుంటే బ్యాటరీలోంచి పోయేది 0.03 ఆంపియర్-అవర్ కూడా ఉండదు. అదే పదేసి సెకన్ల చొప్పున ఐదుసార్లు నొక్కితే దాదాపు 0.7. నాలుగు ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఇది ఆరో వంతు! పోయినదంతా వెంటనే తిరిగి వస్తుందా అంటే, అదీ లేదు. ఐడ్లింగ్‌లో చాలా బండ్ల ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే భాగం) ఇచ్చేది హెడ్‌లైటుకూ ఇగ్నిషన్‌కూ సరిపోతుంది, అంతే. 35 వాట్ల బల్బు ఒక్కటే 3 ఆంపియర్లు తింటుంది. కిలోమీటరు దూరం వెళ్లి ఆపేసి, మళ్లీ సెల్ఫ్ కొట్టేవారి బ్యాటరీ రోజురోజుకూ కొంచెం కొంచెం దిగిపోవడానికి కారణం ఇదే.

కాబట్టి ఒక్కసారికి 5 సెకన్లు మించి నొక్కొద్దు. అందుకోకపోతే కనీసం 10 సెకన్లు ఆగాలి. ఆ వ్యవధిలో సెల్ఫ్ మోటారు చల్లబడుతుంది, బ్యాటరీ వోల్టేజీ కొంత తేరుకుంటుంది. మూడుసార్లకూ అందుకోలేదంటే లోపం వేరే చోట ఉంది: కిల్ స్విచ్, పెట్రోలు ట్యాప్, సైడ్ స్టాండ్ స్విచ్, తడిసిన ప్లగ్గు. నాలుగోసారి నొక్కేముందు అవి చూడాలి.

న్యూట్రల్‌లో ఉన్నా క్లచ్ పూర్తిగా పట్టే సెల్ఫ్ కొట్టాలి. క్లచ్ వదిలి ఉంటే చిక్కని ఆయిల్‌లో మునిగిన గేర్‌బాక్స్ షాఫ్టును కూడా సెల్ఫ్ మోటారే తిప్పాలి. చలి ఉదయాల్లో ఈ తేడా చప్పుడులోనే తెలిసిపోతుంది. కిక్ ఉన్న బండైతే తాళం తిప్పకుండానే మూడు నాలుగు కిక్‌లు కొట్టి ఇంజన్‌ను వదులు చేయండి. ఆ రోజు తొలి స్టార్టు కిక్‌తోనే చేస్తే ఇంకా మంచిది. కార్బ్యురేటర్ బండి చల్లగా ఉంటే చోక్ లాగండి, యాక్సిలరేటర్ మాత్రం తిప్పకండి. తిప్పితే గాలి ఎక్కువై చోక్ పని చెడుతుంది. ఇంజెక్షన్ బండికి తాళం తిప్పాక పెట్రోలు పంపు ‘జూయ్’మనడం ఆగేదాకా 2, 3 సెకన్లు ఓపిక పట్టాలి. పంపులో ఒత్తిడి రాకముందే నొక్కితే ఇంజన్ ఊరికే తిరుగుతుంది.

ఎక్కువమంది చూడనిది ఎర్త్ వైరు, అంటే బ్యాటరీ మైనస్‌ను బండి లోహానికి కలిపే వైరు. తుప్పు వల్ల 0.02 ఓమ్‌ల నిరోధం చేరినా, 50 ఆంపియర్లు పారేటప్పుడు 1 వోల్టు అక్కడే హరించుకుపోతుంది. మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొన బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కూ, ఇంకొకటి రంగు లేని ఇంజన్ లోహానికీ ఆనించి ఎవరిచేతనైనా సెల్ఫ్ నొక్కించండి. 0.3 వోల్టు దాటితే ఎర్త్ బాగోలేదు. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించాక పైన పలుచగా వాసెలిన్ రాయాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ ముందు విప్పితే స్పానర్ ఛాసిస్‌కు తగిలి షార్టవుతుంది.

ఇక బ్యాటరీ నిజంగా పోయిందో లేదో తేల్చుకోవడం. కొన్ని గంటలు కదపకుండా ఉంచితే 12.6 నుంచి 12.8 వోల్టులు చూపాలి. 12.4కి దిగితే ఛార్జింగ్ పెట్టాలి, 12 దగ్గరుంటే దాదాపు ఖాళీయే. నిండుగా ఉండి కూడా సెల్ఫ్ నొక్కినప్పుడు 9.6 కిందికి పడిపోతుంటే, వైర్లు బాగుంటే, అప్పుడు మార్చండి. ఇంజన్‌ను 4000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి కూడా చూడాలి: 13.5 నుంచి 14.5 మధ్య రాకపోతే తప్పు కరెంటు పుట్టించే స్టేటర్‌దో వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌దో. దాన్ని వదిలేసి బ్యాటరీ మార్చడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. 15 దాటితే మరీ ప్రమాదం, బ్యాటరీ లోపలే ఉడికిపోతుంది.

నెలల తరబడి బండి తీయనివారు మైనస్ విప్పి ఉంచండి. అలారం, గడియారం లాంటివి ఆగకుండా కొంచెం కొంచెం లాగుతూనే ఉంటాయి. ఖాళీగా వదిలేసిన బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడితే మళ్లీ తేరుకోవడం కష్టం. నెలకోసారి కెపాసిటీలో పదో వంతు కరెంటుతో, అంటే 4 ఆంపియర్-అవర్లకు 0.4 ఆంపియర్‌తో ఛార్జ్ చేయాలి. తొందరపడి కారు ఛార్జర్ తగిలించకండి. మూతలున్న బ్యాటరీలో నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, పై గీత వరకే. యాసిడ్ ఎప్పుడూ పోయొద్దు. సీల్డ్ బ్యాటరీ అయితే మూతను పైకి లేపే ప్రయత్నమే వద్దు.

— ఒక పాఠకుడు