కమిషనర్‌ను బెదిరించినదెవరు?

సంపాదకులకు నమస్కారం.

2019 జూలై 15న లోక్‌సభలో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) సవరణ బిల్లుపై జరిగిన చర్చను మీ పత్రికతో సహా దాదాపు అన్ని పత్రికలూ కేంద్ర హోంమంత్రి అమిత్ షాకూ హైదరాబాద్ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీకీ మధ్య జరిగిన వాగ్యుద్ధంగానే ప్రచురించాయి. ఎవరు ఎవరి వైపు వేలు చూపించారు, ఎవరికి ఎవరంటే భయం లేదు అన్న సంగతులు పతాక శీర్షికలకెక్కాయి. ఆ గొడవకు కారణమైన అసలు మాట మాత్రం లోపలి పేజీల్లో ఒక వాక్యంగా మిగిలిపోయింది. నేను రాస్తున్నది ఆ ఒక్క వాక్యం గురించే.

ఆ మాట అన్నవారు ఉత్తరప్రదేశ్‌లోని బాగ్‌పత్‌కు అప్పటి సభ్యుడు సత్యపాల్ సింగ్. రాజకీయాల్లోకి రాకముందు ఆయన ముంబయి పోలీస్ కమిషనర్. ఒక కేసు దర్యాప్తు దారి మార్చకపోతే బదిలీ తప్పదని అప్పటి హైదరాబాద్ పోలీస్ కమిషనర్‌ను ఒక రాజకీయ నాయకుడు హెచ్చరించారని, తాను ఆ రోజుల్లో ముంబయిలో అదే హోదాలో ఉన్నందువల్ల ఈ సంగతి తనకు తెలుసునని ఆయన చెప్పినట్టు వార్తలు వచ్చాయి. నాయకుడెవరో, కేసు ఏదో బయటపెట్టలేదు. ఆధారాలు సభ ముందుంచాలని ఒవైసీ లేచి అడిగారు. హోంమంత్రి కలగజేసుకుని, వినడం అలవాటు చేసుకోవాలని ఆయనకు హితవు చెప్పారు. ఆ తరువాత చర్చ ఆ ఇద్దరి మధ్యకు మళ్ళింది. హైదరాబాద్ కమిషనర్ సంగతి మళ్ళీ ఎవరికీ పట్టలేదు.

ఒవైసీ గారి రాజకీయాలతో నాకు ఏకీభావం లేదు. అయినా ఆయన అడిగింది న్యాయమైన కోరిక. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణ విషయంలో బెదిరించడం అప్పట్లో అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతి 189వ సెక్షన్ కింద నేరం. అటువంటి నేరం జరిగిందని తనకు తెలుసునని సభలో చెప్పిన వ్యక్తి సామాన్యుడు కాదు, ఐపీఎస్ అధికారిగా దశాబ్దాలు పనిచేసినవాడు. తెలిసినప్పుడు ఎవరికి ఫిర్యాదు చేశారు, ఏ కాగితం మీద నమోదైంది అన్న ప్రశ్నలు ఆయనను ఎవరూ అడగకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. సభలో అన్న మాటకు ఏ కోర్టులోనూ జవాబు చెప్పనవసరం లేకుండా రాజ్యాంగం 105వ అధికరణ రక్షణ ఇస్తోంది. అందుకే కాబోలు, ముందుగా స్పీకర్‌కూ సంబంధిత మంత్రికీ నోటీసు ఇవ్వకుండా ఎవరి మీదా నేరారోపణ చేయరాదని లోక్‌సభ నియమావళిలోని 353వ నియమం కట్టడి విధించింది. పేరు చెప్పలేదు కాబట్టి నియమం వర్తించదని ఎవరైనా వాదించవచ్చు. కానీ పేరు లేని ఆరోపణ ఆ కాలంలో హైదరాబాద్‌లో పదవుల్లో ఉన్న ప్రతి నాయకుడి మీదా పడుతుంది, కమిషనర్ కుర్చీలో కూర్చున్న అధికారి లొంగాడా లేదా అన్న అనుమానం ఆయన మీదా మిగిలిపోతుంది.

సత్యపాల్ సింగ్ గారు అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమే అనుకుందాం. అప్పుడు ఆ నాయకుడి చేతిలో ఉన్న ఆయుధం ఏమిటి? బదిలీ. ఈ బిల్లు మనుషుల అక్రమ రవాణా, నిషేధిత ఆయుధాలు, సైబర్ ఉగ్రవాదం వంటి నేరాలను ఎన్‌ఐఏ పరిధిలోకి తెచ్చింది, విదేశాల్లో జరిగిన నేరాలనూ దర్యాప్తు చేసే వీలు కల్పించింది, సెషన్స్ కోర్టులను ప్రత్యేక కోర్టులుగా ప్రకటించే వెసులుబాటు ఇచ్చింది. బదిలీ అనే ఆ ఆయుధం జోలికి మాత్రం పోలేదు. దాన్ని నాయకుల చేతిలోంచి తీసేయాలని పోలీసు సంస్కరణలకు సంబంధించిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22నే ఆదేశించింది. డీజీపీ మొదలుకొని పోలీస్ స్టేషన్ అధికారి దాకా కీలక పదవుల్లో ఉన్నవారికి కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలని, బదిలీలను పోలీసు ఉన్నతాధికారుల బోర్డు చూడాలని, పది లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాలతో మొదలుపెట్టి నేర దర్యాప్తును శాంతిభద్రతల విధుల నుంచి వేరు చేయాలని చెప్పింది. పదమూడేళ్ళు దాటిపోయాయి. హైదరాబాద్ కమిషనర్ అధికారాలకు ఆధారం ఈనాటికీ 1348 ఫసలీ (అంటే దాదాపు 1939) నాటి నిజాం చట్టమే. పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోది కదా, పార్లమెంటు ఏం చేస్తుందని అనవచ్చు. ఢిల్లీ పోలీసులు కేంద్ర హోంశాఖ కిందే ఉన్నారు. అక్కడి నుంచి మొదలుపెట్టడానికి ఎవరు అడ్డం?

ఉగ్రవాద కేసుల్లో దర్యాప్తు సంస్థ మారితే ఫలితం మారుతుందన్న నమ్మకానికి మా నగరమే పరీక్ష పెట్టింది. 2007 మే 18న శుక్రవారం ప్రార్థనల వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో తొమ్మిది మంది, తరువాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. కేసు నగర పోలీసుల నుంచి సీబీఐకి, అక్కడి నుంచి ఎన్‌ఐఏకి వెళ్ళింది. ఈలోగా పాతబస్తీ కుర్రాళ్ళను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు, వారిపై పెట్టిన కేసులు కోర్టుల్లో నిలవలేదు. తరువాత వేరే నిందితులు వచ్చారు, 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు వారినీ నిర్దోషులుగా వదిలేసింది. బాంబు పెట్టింది ఎవరో ఇంతవరకూ తేలలేదు. మక్కా మసీదు పేలుడు జరిగిన 2007లోనే ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో జరిగిన పేలుళ్ళు నలభై మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఆ కేసును నడిపింది రాష్ట్ర పోలీసులే. పదకొండేళ్ళు పట్టింది గానీ 2018 సెప్టెంబరులో శిక్షలు పడ్డాయి. 2013 ఫిబ్రవరి 21 నాటి దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ళ కేసులో ఎన్‌ఐఏ 2016లోనే ఐదుగురికి మరణశిక్ష పడేలా చేయగలిగింది. అంటే ఒకే సంస్థ ఒక కేసులో గెలిచింది, ఇంకో కేసులో ఓడింది. అధికారాలు తక్కువున్న రాష్ట్ర పోలీసులు మరో కేసులో గెలిచారు.

కేసులు ఎక్కడ వీగిపోతాయో కోర్టు హాల్లో కూర్చున్నవారికి బాగా తెలుస్తుంది. ఒక క్రిమినల్ కోర్టులో బెంచి గుమస్తాగా నేను చాలా ఏళ్ళు పనిచేశాను. దర్యాప్తు మధ్యలో బదిలీ అయిపోయిన ఇన్‌స్పెక్టరు ఏడెనిమిదేళ్ళ తరువాత సమన్లు అందుకుని ఎక్కడో దూరపు జిల్లా నుంచి రాత్రి బస్సులో వచ్చి, మడతలు విరగని యూనిఫాంలో బోనెక్కేవాడు. ప్రభుత్వ న్యాయవాది పీపీ గారు పంచనామా చూపించి సంతకం మీదేనా అంటే అవుననేవాడు. రాసిందెవరంటే, తన తరువాత వచ్చిన అధికారి అనేవాడు. ఆయన రిటైరై ఉండేవాడు, లేదా చనిపోయి ఉండేవాడు. పంచనామా సాక్షులైన పంచులేమో మాకేం తెలియదు, స్టేషనుకు పిలిచి సంతకం పెట్టమంటే పెట్టామనేవారు. డిఫెన్స్ లాయరు మొహంలో అప్పుడు కనిపించే చిరునవ్వు ఇప్పటికీ నాకు గుర్తుంది. నిందితుడికి శిక్ష పడాలన్నా, అమాయకుడు బయటపడాలన్నా ఒకే అధికారి కేసును చేతిలోకి తీసుకుని చివరిదాకా నడపాలి. ఆ భరోసా చట్టంలో లేనంతవరకు బదిలీ బెదిరింపు పనిచేస్తూనే ఉంటుంది, ఢిల్లీలోనైనా, హైదరాబాద్‌లోనైనా.

బిల్లుపై ఓటింగ్ జరగాలని, ఉగ్రవాదానికి ఎవరు అనుకూలమో ఎవరు వ్యతిరేకమో దేశానికి తెలియాలని హోంమంత్రి అన్నారు. అనుకూలంగా 278, వ్యతిరేకంగా 6 ఓట్లు వచ్చాయి. ఆ ఆరుగురూ ఉగ్రవాదానికి అనుకూలురని ఏ కోర్టు గుమస్తా కూడా ఫైలు మీద రాయడు. బిల్లును తప్పుపట్టడం ఒకటి, బాంబు పెట్టినవాణ్ణి వెనకేసుకురావడం మరొకటి.

ఈ బిల్లును సభలో ప్రవేశపెట్టి, చర్చకు సమాధానం చెప్పింది అప్పటి హోంశాఖ సహాయమంత్రి, సికింద్రాబాద్ సభ్యుడు జి. కిషన్‌రెడ్డి గారు. తన నగరపు కమిషనర్‌ను ఎవరో బెదిరించారని తన పార్టీ సభ్యుడే చెబుతుంటే ఆ వివరాలు రాబట్టే అవకాశం ఆయనకు అందరికంటే ఎక్కువగా ఉంది. సత్యపాల్ సింగ్ గారి నుంచి కేసు పేరు, సంవత్సరం, నాయకుడి పేరు రాతపూర్వకంగా తీసుకుని స్పీకర్‌కు అందజేయించాలని, అందులో నిజముంటే ఎఫ్ఐఆర్ నమోదు చేయించాలని మీ పత్రిక ద్వారా ఆయనను కోరుతున్నాను. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం సవరణ బిల్లు కూడా ఆ సమావేశాల్లోనే చర్చకు వచ్చింది. ప్రకాశ్ సింగ్ తీర్పు సంగతి ఇకనైనా మన తెలుగు రాష్ట్రాల సభ్యుల్లో ఒక్కరు లేచి అడుగుతారని ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
మలక్‌పేట, హైదరాబాద్.