ఏడు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు

పాలకొండ,
ఆదివారం రాత్రి

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైనా జవాబు రాయలేకపోయాను, మన్నించు. పరీక్షలు, వాటి వెనుకే మండల స్థాయి ఆటల పోటీల ఏర్పాట్లు, మధ్యలో చిన్నవాడికి జ్వరం, అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. వాడు కోలుకున్నాడు. నీ చెల్లెలు కులాసాగా ఉంది. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి. ఇంటి కబుర్లు ఇంతటితో ఆపుతాను, ఎందుకంటే నిన్న మా బడి మైదానంలో జరిగినది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

పరుగు వదిలేసి ఆ చిన్న ఊళ్లో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తూ ఉండిపోయావు, ఎప్పుడూ వెలితిగా అనిపించదా అని అడిగావు కదా. నేరుగా జవాబు చెప్పడం నాకు చేతకాదు. నిన్నటి సంగతి చదివి నువ్వే తేల్చుకో.

ఈసారి పోటీలు మా బడిలోనే. మా మైదానంలో 400 మీటర్ల ట్రాక్ పట్టదు కనుక నాలుగు లేన్లతో 200 మీటర్లది గీయాలని నిర్ణయించుకున్నాను. మార్కింగ్ పని నేను ఇంకొకరి చేతికి ఇవ్వనని నీకు తెలుసు. ఎందుకు ఇవ్వనో నీకు, నాకు, ఆ ఆరో లేన్‌కు మాత్రమే తెలుసు. నేను ఓడిన ఆ పందెం జరిగిన ఊరి పేరు ఇప్పుడు కూడా రాయబుద్ధి కావడం లేదు. పందెం ముగిసిన తరువాత నువ్వు ఒంగి అడుగులతో కొలిచి, వంపుల్లో దూరం సమం కావడానికి బయటి లేన్ల మొదలు గీతను ముందుకు జరిపే ఆ స్టాగర్‌ను తక్కువగా గీశారని, నేను మిగతావారికంటే ఎక్కువ దూరం పరుగెత్తానని నిరూపించినా వినేవారు లేకపోయారు. ఆ రాత్రి స్టేషన్‌లో "గారెల తీర్పు" చెప్పావు చూడు, నాకు న్యాయం జరిగింది అక్కడే! అది అలా ఉంచు.

శనివారం పొద్దున్నే పదో తరగతి పిల్లలు కొందరు, తొమ్మిది చదువుతున్న మా అమ్మాయి నాతో వచ్చారు. అమ్మాయికి పరుగంటే ఇష్టం లేదు. దాన్ని నేను ఏనాడూ బలవంతపెట్టలేదు కానీ, నా బిడ్డ ఒక్కసారైనా గీత దగ్గర నిలబడితే బాగుండునన్న ఆశ మాత్రం ఉండేది. నిన్న టేపు చివర పట్టుకోవడానికి మనిషి తక్కువైతే దాన్ని పిలిచాను, అంతే.

ముందు మైదానం మధ్య గీత వేసి, దాని మీద 40 మీటర్ల ఎడంతో రెండు మేకులు దిగ్గొట్టాం. 3, 4, 5 మీటర్ల తాడుతో మూలమట్టం చూసుకుని తిన్నని గీతలు లాగాం. తాడు సాగుతుంది కాబట్టి వంపులకు ఇనుప తీగే వాడాను. మేకుకు తగిలించిన 18.80 మీటర్ల తీగను ఒక కుర్రవాడు బిగించి పట్టుకుని అర్ధచక్రంగా నడుస్తుంటే, వాడి వెనుకే అడుగున చిల్లులు పొడిచిన డబ్బాతో నేను సున్నం రాల్చుకుంటూ వెళ్లాను. లోపలి అంచు పొడవునా ఇటుకలు పేర్చాం. ఆ అంచుకు 30 సెంటీమీటర్లు ఇవతల మనిషి పరుగెత్తుతాడని లెక్క. అంటే పరుగు వ్యాసార్ధం 19.10, రెండు వంపులూ కలిపి 120 మీటర్లు, తిన్నని దారులు 80. సరిగ్గా 200. ఆ అంకె కలిసినప్పుడల్లా నాకు కలిగే సంతోషం నీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను?

స్టాగర్ గీస్తుండగా గొడవ మొదలైంది. నాలుగో లేన్ మొదలు గీత 22 మీటర్లకు పైగా ముందుకు వెళ్లడం చూసి, ఒకటో లేన్‌లో పరుగెత్తవలసిన పిల్ల "ఇది అన్యాయం సార్, ఆమె సగం దూరం ముందే నిలబడుతోంది" అని నిలదీసింది. నాకు ఎంత ముచ్చటేసిందో! మనం అడగలేకపోయిన ప్రశ్నను ఆ పిల్ల గీత దగ్గరే అడిగింది. వివరించబోతుంటే మా అమ్మాయి పుల్ల తీసుకుని నేల మీద లెక్క మొదలుపెట్టింది. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. రెండో లేన్ నుంచి కొలత గీతకు 20 సెంటీమీటర్ల దూరంలోనే తీసుకుంటాం కాబట్టి పది సెంటీమీటర్లు తగ్గించాలి. మిగిలిన 1.12ని రెండు పైలతో (2π) గుణిస్తే 7.04 వచ్చింది.

నువ్వూ నేనూ మంత్రంలా వల్లించిన అంకె! అయితే అది అక్కడితో ఆగలేదు. కాసేపు లెక్క వంకే చూసి, "నాన్నా, ఇందులో వ్యాసార్ధం ఏది?" అని అడిగింది. పెద్ద వలయం చుట్టుకొలతలోంచి చిన్నదాన్ని తీసేస్తే వ్యాసార్ధం కొట్టుకుపోతుందట. కాబట్టి 36.50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న 400 మీటర్ల ట్రాక్‌లోనైనా, మా బడి చిన్న ట్రాక్‌లోనైనా, ఒక పూర్తి చుట్టుకు రెండో లేన్ స్టాగర్ అదే 7.04 అని దానంతటది తేల్చేసింది. ఒలింపిక్స్ జరిగే చోట ఎంతో, పాలకొండలో బడి వెనుక మట్టిలోనూ అంతే! బావా, నాకు గొంతు పెగల్లేదు.

మా లెక్కల మాస్టారు ఇదంతా వరండాలోంచి చూస్తున్నారు. ఆయన గురించి నీకు ఎన్నిసార్లు రాశానో, పరీక్షలు దగ్గరపడ్డాయంటే మా గేమ్స్ పీరియడ్ ఆయనదే. ఆయన నెమ్మదిగా మైదానంలోకి దిగి వచ్చి, నేల మీది లెక్క మొత్తం చదివి, అమ్మాయి చేతిలోని పుల్ల అడిగి తీసుకున్నారు. తరువాతి పీరియడ్‌లో పదో తరగతి మొత్తాన్ని బయటికి తీసుకొచ్చి, ఆ ఇటుకల పక్కనే వృత్తాల పాఠం చెప్పారు. పిల్లలు నాలుగు లేన్లనూ తీగతో కొలిచారు, ప్రతి లేన్‌లోనూ 200 వచ్చింది. గొడవపడ్డ పిల్ల తానే కొలిచి ఒప్పుకుని, నాలుగో లేన్‌లో ఒకసారి పరుగెత్తి చూస్తానంది. వెళ్లేటప్పుడు మాస్టారు నా చేయి పట్టుకుని "మీ పీరియడ్ ఇక..." అని మాట పూర్తిచేయకుండానే వెళ్లిపోయారు. నాకు అది చాలు.

మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి గారు సర్కస్‌లో లోకప్రసిద్ధులు కాకముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులే కదా. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి ఎత్తు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందని పసిగట్టిందీ బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆమె 2023లో బ్యాంకాక్‌లో 13.09 సెకన్లలో ఆసియా స్వర్ణం గెలిచినప్పుడు, టీవీ ముందు నేను ఆ మాస్టారి గురించే ఆలోచించాను. నా పిల్లల్లో అలాంటివారు ఉంటారో లేదో గానీ, ఉంటే మాత్రం తప్పుడు గీత మీద నిలబడి ఓడిపోరు. ఆ పూచీ నాది.

రాత్రి నీ చెల్లెలు సున్నానికి పొక్కిన నా చేతులకు కొబ్బరినూనె రాస్తూ కోప్పడుతుంటే, అమ్మాయి పక్కన కూర్చుని 400 పందేనికి ఈ ట్రాక్ మీద రెండు చుట్లూ లేన్లలోనే పరుగెత్తితే స్టాగర్ ఎంతవుతుందో లెక్క కడుతోంది. బుధవారం పోటీల్లో నా పక్కన టేపు పట్టుకుని నిలబడేది అదేనట. పరుగెత్తమని ఇక ఎప్పుడూ...

ఎంట్రీ ఫారాల కోసం పక్క ఊరి మాస్టారు వచ్చి వాకిట్లో నిలబడ్డారు, అవి ఇంకా సగం కూడా నింపలేదు. సంక్రాంతికి వచ్చేటప్పుడు 50 మీటర్ల స్టీలు టేపు ఒకటి, రిలే బ్యాటన్లు నాలుగు తప్పకుండా తీసుకురా, డబ్బు ఇక్కడ ఇస్తాను. అక్కయ్యకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ
రిలే జట్టులో మూడో లెగ్గు