ఆ మెయిల్ ఇంకా పంపకు

ఒరేయ్,

మెంటర్‌గా, అంటే దారి చూపే మనిషిగా, ఉండమని ఒక మేడమ్‌కి రాసి నువ్వు నాకు పంపిన మెయిల్ డ్రాఫ్ట్ చదివాను. ఇంకా ఎవరికీ పంపలేదు కదా? ఆగు. ఫోన్‌లో చెబుదామనుకున్నాను గానీ, ఫోన్‌లో అయితే సగం విని "సరే సరే, అర్థమైంది" అనేస్తావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిక పట్టు.

"మేడమ్, మీ ప్రయాణం నాకెంతో స్ఫూర్తినిచ్చింది. మీరు నాకు మెంటర్‌గా ఉండగలరా?" అని రాశావు. మర్యాదగానే ఉంది. కానీ ఒక్కసారి ఆవిడ వైపు నుంచి చదువు. నువ్వెవరో ఆవిడకి తెలీదు. నీకేం కావాలో తెలీదు. వారానికి గంట ఇవ్వాలా, ఏడాదికోసారి మాట్లాడితే చాలా, అదీ తెలీదు. కుదరదని రాయాలంటే మొహమాటం, సరే అనాలంటే భయం. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? "తర్వాత చూద్దాంలే" అని పక్కన పెడతారు. ఆ తర్వాత అనేది రాదు. నువ్వేమో పెద్దవాళ్లకి పొగరని తిట్టుకుంటావు.

నేను చూసిన మంచి మెంటర్లలో "ఇవాళ్టి నుంచి నేను నీ మెంటర్‌ని" అని మొదలుపెట్టినవాళ్లు దాదాపు లేరు. ఒక చిన్న ప్రశ్న, దానికో జవాబు, ఆ జవాబు పట్టుకెళ్లి అడిగినవాడేం చేశాడన్న కబురు, మళ్లీ ఇంకో ప్రశ్న. కొన్నాళ్లు ఇలా సాగాక చూసుకుంటే అప్పటికే ఆయన నీ మెంటర్ అయిపోయి ఉంటాడు. ఎవరూ ప్రకటించాల్సిన పనే ఉండదు. నాకు ఇలాగే దారి చూపిస్తున్న మా మేడమ్‌ని "మీరు నా మెంటరేనా?" అని నేను ఇంతవరకూ అడగలేదు. అడిగితే నవ్వుతుంది.

సరే, ముందు ఎవరు కావాలో చూద్దాం. మెంటర్ ఎందుకురా అని మొన్న అడిగితే "అందరికీ ఉన్నారు" అన్నావు. అదీ ఒక కారణమేనా? నువ్వు తేల్చుకోలేక నలిగిపోతున్నది ఒకటే: డిగ్రీ అవగానే డేటా ఉద్యోగంలో చేరడమా, పీజీ చేసి పరిశోధన వైపు వెళ్లడమా. అలాంటప్పుడు నీకు పాతికేళ్ల అనుభవమున్న డైరెక్టర్ ఎందుకు చెప్పు? ఇదే మలుపు దగ్గర నాలుగైదేళ్ల క్రితం నిలబడి, ఏదో ఒకవైపు వెళ్లినవాళ్లు కావాలి. ఇప్పుడు ఇంటర్వ్యూలో ఏమడుగుతున్నారో, అప్లికేషన్ ఎలా నింపాలో, మొదటి ఏడాది ఎలా ఉంటుందో వాళ్లకి ఇంకా గుర్తుంటుంది. పెద్దాయనకి తన కాలం గుర్తుంటుంది. ఆయన చెప్పేది అబద్ధం కాదు, కానీ ఆయన వచ్చిన దారి ఇప్పుడు అలా లేకపోవచ్చు.

ఒకరే మనిషి అన్నీ చూసుకోవాలన్న ఆశ కూడా వదులుకో. 1980ల్లో క్యాథీ క్రామ్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఉద్యోగాల్లో ఉన్న సీనియర్, జూనియర్ జంటలతో మాట్లాడి, మెంటర్ల నుంచి అందే సాయం రెండు రకాలని తేల్చింది. ఒకటి పని వైపు సాయం: పరిచయాలు చేయడం, కాస్త కష్టమైన పని నమ్మి అప్పగించడం, నలుగురి కంటా పడేలా చూడటం. రెండోది మనసు వైపు సాయం: భయాలు వినడం, ధైర్యం చెప్పడం, "నేనూ ఇలాగే తడబడ్డాను" అనడం. రెండూ చేసే మనిషి దొరికితే అదృష్టమే. దొరక్కపోతే పనికి ఒకరు, మనసుకి ఇంకొకరు. నా రెజ్యూమె దిద్దే అన్న వేరు, నాకు టెన్షన్ వచ్చినప్పుడు ఫోన్ ఎత్తే అక్క వేరు. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలీదు కూడా.

ఎక్కడ వెతకాలంటావా? పక్కనే. మీ డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లని ఎందుకు వదిలేశావో నాకర్థం కాదు. పరిశోధన జీవితం నిజంగా ఎలా ఉంటుందో, గైడ్‌తో గొడవలతో సహా, వాళ్లే చెప్పగలరు. నీకంటే కొన్నేళ్ల ముందు పాసైన సీనియర్లు ఉన్నారు. లింక్డ్‌ఇన్‌లో మీ యూనివర్సిటీ పేజీ తెరిచి పూర్వ విద్యార్థుల విభాగంలోకి వెళ్తే, ఎవరు ఎక్కడ ఏ పని చేస్తున్నారో వడపోసి చూసుకోవచ్చు. గెస్ట్ లెక్చర్‌కి వచ్చిపోయినవాళ్లున్నారు, ఇంటర్న్‌షిప్‌లో నీ పక్క టీమ్‌లో పనిచేసినవాళ్లున్నారు. యూనివర్సిటీవాళ్లు ఒక మెంటర్‌ని కేటాయిస్తారు చూడు, అదీ తీసుకో. చాలాచోట్ల అది మొదటిరోజు ఫొటోతోనే అయిపోతుందని నాకూ తెలుసు. కానీ వాళ్లు టైమ్ ఇస్తామని ముందే ఒప్పుకున్న మనుషులు. ప్రశ్న పట్టుకుని వెళ్లే విద్యార్థి లేక ఖాళీగా ఉన్నారంతే.

పెద్దగా పరిచయం లేనివాళ్లు మనకేం సాయం చేస్తారని అనుకోకు. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. ఉద్యోగం గురించిన కబురు చాలామందికి దగ్గరి స్నేహితుల నుంచి కాకుండా, ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ల నుంచి వస్తోందని చూపించాడు. కారణం తేలికే. నాకు తెలిసిందే నీకూ తెలుసు, మనిద్దరం ఒకే గుంపులో తిరుగుతాం. కొత్త కబురు బయటి గుంపు నుంచే రావాలి. 2022లో లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మందికి పైగా వాడుకరుల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు అచ్చయ్యాయి. మరీ దగ్గరా కాక, మరీ ముక్కూమొహం తెలియనివాళ్లూ కాక, మధ్యస్థంగా తెలిసినవాళ్లే ఉద్యోగం మారడంలో ఎక్కువ పనికొస్తారని అందులో తేలింది. నీ సీనియర్ వాళ్ల సీనియర్ అంటే సరిగ్గా ఆ దూరమే.

ఇక మెయిల్ సంగతి. తర్వాత గొప్ప శాస్త్రవేత్త అయిన మైకెల్ ఫారడే కథ నీకు తెలుసో లేదో. లండన్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే చోట పని నేర్చుకుంటున్న కుర్రాడు. సైన్సులో ఏదో ఒక పని ఇప్పించమని బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి రాశాడు. జవాబు లేదు. 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకి టికెట్లు దొరికాయి. వెళ్లి విన్నాడు, నోట్సు రాసుకున్నాడు, బొమ్మలు వేశాడు, చేతిలో ఉన్న పనే కాబట్టి చక్కగా బైండు చేసి, ఆ ఏడాది చివర్లో డేవీకే పంపాడు. ఈసారి జవాబొచ్చింది. డేవీ పిలిచి మాట్లాడాడు, ప్రస్తుతానికి ఖాళీ లేదు, బైండింగ్ పనే చూసుకో అన్నాడు. కొన్ని వారాలకి ల్యాబ్ సహాయకుడొకడు గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. డేవీకి గుర్తొచ్చింది ఈ కుర్రాడే. 1813 మార్చిలో ఫారడే పనిలో చేరాడు.

బ్యాంక్స్‌కి రాసిన ఉత్తరానికీ డేవీకి పంపిన పుస్తకానికీ తేడా చూడు. మొదటిదాంట్లో ఉన్నది అవసరం. రెండోదాంట్లో "మీరు చెప్పింది విన్నాను, దానితో నేను ఇది చేశాను" అన్న సాక్ష్యం ఉంది. నిన్ను ఎవరూ మూడు వందల పేజీలు బైండు చేయమనరులే, భయపడకు. ఆవిడ రాసిన ఒక పేపర్ చదివి అందులో నీకు అడ్డుపడ్డ చోటో, ఆవిడ ఉపన్యాసం విని నువ్వు చేసిన పనో చెప్పు చాలు. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్తే మేడమ్. స్టాటిస్టిక్స్ మూడో ఏడు చదువుతున్నాను. డేటాలో విలువలు లేని ఖాళీల గురించి మీరు మా డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చిన ఉపన్యాసం విన్నాక, మా ప్రాజెక్టులో ఖాళీ గడులను తీసేయడం మానేసి మీరు చెప్పిన పద్ధతి వాడి చూశాను. ఫలితం మారింది. డిగ్రీ తర్వాత ఉద్యోగమా, పీజీనా అన్న ఆలోచనలో ఉన్నాను. మీరు ముందు ఉద్యోగం చేసి తర్వాత పరిశోధనకి వచ్చారని తెలిసింది. ఆ క్రమం వల్ల మీకు కలిసొచ్చిందేమిటో, ఇబ్బంది ఏమిటో అడగాలని ఉంది. వచ్చే రెండు వారాల్లో ఒక ఇరవై నిమిషాలు మాట్లాడటం కుదురుతుందా? మెయిల్‌లోనే రెండు మాటలు రాసినా సంతోషం."

ఇందులో పొగడ్త ఒక్క ముక్క లేదు గమనించావా? అయినా చదివినావిడకి బాగుంటుంది. ఎందుకు రాశావో, ఎంతసేపు కావాలో తెలుస్తోంది, కాదనడానికి సులువైన దారీ ఉంది. రెజ్యూమె అంటించకు. మొదటి మెయిల్‌లోనే రెజ్యూమె కనబడితే ఉద్యోగం అడుగుతున్నాడనుకుంటారు. జవాబు రాకపోతే ఒక పది రోజులాగి ఒక్కసారి గుర్తుచెయ్యి, ఆపైన వదిలెయ్. రామానుజన్ 1913లో కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీకి రాయకముందే అక్కడి ఇంకో ఇద్దరు గణితవేత్తలకి ఉత్తరాలు రాశాడు. వాళ్లు పట్టించుకోలేదు. ఆయనకే అలా అయితే మనమెంతరా.

మాట్లాడే రోజు వచ్చిందనుకో. వెతికితే దొరికే సంగతులు అడగొద్దు. కోర్సు ఎన్నేళ్లు, కంపెనీ ఏం చేస్తుంది, ఇవన్నీ ముందే చదువుకుని వెళ్లు. "నేనేం చెయ్యాలి?" అని అసలే అడగొద్దు. నీ గురించి గంట కూడా తెలియని మనిషి దానికి ఏం చెప్పగలరు? వాళ్ల బతుకు గురించి అడుగు. మొన్న మంగళవారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం పని చేశారు? ఈ పనిలో బయటికి కనబడని విసుగు ఏది? మీ టీమ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లలో తరచూ కనబడే లోటు ఏది? ఈ మూడో ప్రశ్నకి వచ్చే జవాబు బంగారం, రాసుకో. చివర్లో "ఇంకెవరితోనైనా మాట్లాడమంటారా?" అని అడుగు. ఇరవై నిమిషాలన్నావు కదా, ఇరవై కాగానే "మీరు టైమిచ్చారు, అయిపోయింది" అని నువ్వే చెప్పు. ఇంకా మాట్లాడాలనుంటే వాళ్లే కొనసాగిస్తారు.

అసలు కథ ఆ తర్వాతే ఉంది. అక్కడే అందరూ చేతులెత్తేస్తారు. మా మేడమ్ ఒకసారి అంది: సలహా అడిగేవాళ్లు బోలెడు మంది, ఆ సలహా ఏమైందో వచ్చి చెప్పేవాళ్లు చాలా తక్కువ అని. ఆలోచిస్తే నిజమే. మనకి టైమిచ్చినావిడకి దక్కేది ఏముంది? తన మాట ఎక్కడో పనికొచ్చిందని తెలియడం తప్ప. అందుకని అదే రోజు నాలుగు వాక్యాల్లో కృతజ్ఞత చెప్పు. నెలా రెండు నెలలకి "మీరు చదవమన్న చాప్టర్ చదివాను, మొదటి సగం బాగా ఉపయోగపడింది, రెండో సగం నాకు మించిపోయింది, ఇలా ప్రయత్నించాను, ఇక్కడ ఆగిపోయాను" అని రాయి. చెప్పింది చేసి కుదరలేదని రాసినా పర్లేదు, చెయ్యకూడదని నిర్ణయించుకుని కారణం రాసినా పర్లేదు. ఏమీ రాయకుండా ఏడాది తర్వాత "మేడమ్, రెఫరల్ ఇస్తారా?" అంటేనే అసహ్యంగా ఉంటుంది. మొక్కకి నీళ్లు పోయకుండా కాయలు కోసుకోడానికి బుట్టతో వెళ్లినట్టు.

ఇద్దరితో మాట్లాడితే రెండు రకాలుగా చెబుతారు, అప్పుడు నాకు ఫోన్ చేసి కంగారు పడతావు. ముందే చెబుతున్నా, అది మామూలే. ఎవరు దేనికి భయపడ్డారో, ఎవరికి ఏది దక్కలేదో చూస్తే ఆ సలహా ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. పీజీ మధ్యలో ఆపేసినాయన పీజీ వద్దంటాడు. ఆయన మాట కొట్టిపారేయకు, ఎందుకు ఆపాడో అడుగు. ఆ కారణం నీకు వర్తిస్తే వినాలి, లేకపోతే లేదు. నిర్ణయం మాత్రం నీదే, తర్వాత "ఆయన చెప్పాడు కాబట్టి చేరాను" అంటే ఒప్పుకోను.

ఇంకో మాట, ఇది కాస్త సీరియస్‌గా విను. నీ మార్కులో, రికమెండేషన్ లెటరో చేతిలో ఉన్న మనిషే మెంటర్ కూడా అయితే జాగ్రత్తగా ఉండు. పేపర్ మీద నీ పేరు లేకుండా నీ పని వాడుకోవడం, వేరే ఎవరినీ అడగొద్దని ఆంక్షలు పెట్టడం, వేళకాని వేళ మెసేజ్‌లు, పని ఇప్పిస్తానని డబ్బడగడం, వీటిలో ఏది కనబడ్డా మొహమాటం పక్కన పెట్టి బయటపడు. మంచివాళ్లతో కూడా ఎప్పటికీ ఒకేలా సాగదు. క్రామ్ చెప్పిన దశల్లో విడిపోవడం కూడా ఒకటి: నువ్వు ఎదుగుతావు, వాళ్ల సాయం అంతగా అక్కర్లేని రోజు వస్తుంది, అప్పుడు కొంత ఇబ్బంది, ఆ తర్వాత కుదిరితే సమానుల స్నేహం. ఫారడే, డేవీలకి అది కుదరలేదు. 1824లో ఫారడేని రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకునే వేళకి అధ్యక్షుడు డేవీయే. తాను చేయిపట్టి తీసుకొచ్చిన కుర్రాణ్ని ఆయనే వ్యతిరేకించాడు. అయినా ఫారడే ఎన్నికయ్యాడు, డేవీ గురించి గౌరవంగానే మాట్లాడుతూ వచ్చాడు. నాకైతే అంత ఓర్పు లేదు.

చివరగా పని మాట. మా టీమ్‌లో ఒకావిడ ఉంది, నీలాగే స్టాటిస్టిక్స్ చదివి, మూడేళ్లు ఉద్యోగం చేసి, మళ్లీ పీజీకి వెళ్లొచ్చింది. విద్యార్థులతో మాట్లాడటం ఆవిడకి ఇష్టమే. పరిచయం చేస్తాను, కానీ ఇప్పుడే కాదు. ఆవిడని ఏం అడగాలనుకుంటున్నావో మూడు వాక్యాల్లో రాసి నాకు పంపు. బాగుంటే అదే రోజు ఇద్దరినీ కలిపి మెయిల్ పెడతాను. బాగోకపోతే తిప్పి పంపుతాను, ఏడవకూడదు.

నీ,
ఫోన్ ఎత్తడని నువ్వు తిట్టే వెధవ