ఆదివారం శాలిహుండం: అందరూ చూడండి

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 6:30కి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కలుద్దాం. అక్కడి నుంచి పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండకి.

స్తూపాల దగ్గర కూర్చుని ఈసారి లండన్ సంగతి మాట్లాడుకుందాం. హెచ్‌ఎస్‌2 అనే కొత్త హైస్పీడ్ రైలు మార్గం కోసం యూస్టన్ స్టేషన్ పక్కనున్న పాత శ్మశానాన్ని ముందుగా పురావస్తు నిపుణులు తవ్వారు. ఆస్ట్రేలియా చుట్టూ ఓడలో తిరిగిన మాథ్యూ ఫ్లిండర్స్ అవశేషాలు 2019లో అక్కడే బయటపడ్డాయి. శవపేటిక మీది సీసపు రేకు వల్లే ఆయన్ని గుర్తుపట్టారు! మన దగ్గరా కొత్త లైన్లు వేసే ముందు ఇలా తవ్వి చూడాలని నా గట్టి కోరిక.

వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా ఇక్కడే పేరు పెట్టండి, బండి మాట్లాడాలి. నీళ్లు, టోపీ, టిఫిన్ ఎవరివి వాళ్లే. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి.

మళ్లీ చెప్తున్నా: కొండ మీద పెంకు ముక్క కూడా తీయొద్దు. మీ ఊళ్లో మట్టి పనుల్లో పాత ఇటుకలు కనిపిస్తే కదపకుండా ఫొటో తీసి తహసీల్దార్ ఆఫీసుకి చెప్పండి.