దివాలా చట్టం ఒకటే, కోర్టు రూల్స్ మాత్రం చోటుకో తీరు

సంపాదకుడు గారికి,

అమెరికాలో దివాలా పిటిషన్ వేయడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. చాప్టర్ 7 (ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే పద్ధతి), చాప్టర్ 13 (కోర్టు ఒప్పుకున్న ప్లాన్ ప్రకారం వాయిదాల్లో కట్టే పద్ధతి) తేడా బాగానే చెప్పారు గానీ, నాలాగా ఇక్కడ ఉండేవాళ్లు బోల్తా పడే అసలు చోటు అందులో లేదు.

దివాలా చట్టం ఫెడరల్ (కేంద్ర) చట్టం కదా, దేశమంతా ఒకటే పద్ధతి ఉంటుందిలే అనుకుంటాం. కానీ 94 ఫెడరల్ జిల్లాలు, అంటే ఫెడరల్ కోర్టుల పరిధులు, ఉన్నాయి, దివాలా కోర్టుల విధానాల నియమావళిలోని రూల్ 9029 కింద ఏ జిల్లాకి ఆ జిల్లా తన లోకల్ రూల్స్ పెట్టుకోవచ్చు. అప్పులిచ్చినవాళ్ల అడ్రసుల జాబితా ఎలా టైప్ చేయాలి, లాయర్ లేనివాళ్లు ఆన్‌లైన్‌లో వేయొచ్చా, చాప్టర్ 13 ప్లాన్ ఏ ఫారం మీద రాయాలి, ఇవన్నీ అందులోనే ఉంటాయి.

నా స్నేహితుడొకడు ఉద్యోగం పోయి, ఇల్లు వేలానికి వచ్చే టెన్షన్‌లో లాయర్ ఫీజు ఎందుకని తనే చాప్టర్ 13 వేశాడు. ప్లాన్‌కి దేశవ్యాప్తంగా ఉండే ఫారం డౌన్‌లోడ్ చేసి నింపాడు, తీరా చూస్తే ఆ కోర్టుకి సొంత ఫారం ఉంది. సరిచేయమని నోటీసు వస్తే అది అర్థమయ్యేలోపే గడువు దాటి కేసు కొట్టేశారు. మళ్లీ వేసుకుంటే సరిపోతుందిగా అంటారేమో, సరిపోదు. పిటిషన్ వేయగానే వసూళ్లు, వేలం ఆపే స్టే వస్తుంది కదా, ఏడాదిలోపు రెండోసారి వేస్తే అది మామూలుగా 30 రోజులే, పొడిగించాలంటే ఆ గడువులోపే జడ్జి ఒప్పుకోవాలి. ఒక తప్పు ఫారం ఖరీదు అదన్నమాట.

ఏ కోర్టో తేల్చుకోవడం కూడా అంత తేలిక కాదు. ఇర్వింగ్‌లో ఉంటే టెక్సస్ నార్తర్న్ జిల్లా, కారులో కాసేపట్లో వచ్చే ప్లేనోలో ఉంటే ఈస్టర్న్. ప్రాజెక్టు కోసం ఈమధ్యే రాష్ట్రం మారినవాళ్లయితే, వెనకటి 180 రోజుల్లో ఎక్కువ కాలం ఎక్కడున్నారో చూసుకోవాలి, ఇప్పుడున్న ఊరు కాదు.

క్లర్కుని అడిగితే చెప్పరా అని నన్ను చాలామంది అడిగారు. ఫారం ఎక్కడ దొరుకుతుందో చెబుతారు, మీ కేసులో ఏం చేయాలో చెప్పరు, న్యాయ సలహా ఇవ్వడం వాళ్లకి కుదరదు. దానికి వాళ్లని తిట్టుకుని లాభం లేదు. నాకు కోపమల్లా రూల్స్ రాసిన తీరు మీదే, వెబ్‌సైట్‌లో పెడతారు గానీ అది లాయర్లు లాయర్లకి రాసుకున్నట్టుంటుంది. సొంతంగా వేసేవాళ్లకి మామూలు మాటల్లో ఒక్క పేజీ ప్రతి కోర్టూ ముందు పెట్టాలి.

మీరు ఈ విషయం మళ్లీ రాసేటప్పుడు, పిటిషన్ నింపే ముందే తమ జిల్లా కోర్టు సైట్‌లో లోకల్ రూల్స్, లోకల్ ఫారాలు చూసుకోమని దయచేసి మొదటి పేరాలోనే చెప్పండి. అవి ఏ తేదీ నుంచి అమల్లో ఉన్నాయో కూడా చూసుకోమనండి, పాత కాపీలు ఇంటర్నెట్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఇట్లు,
మీ పాఠకుడు, టెక్సస్