కత్తిరించిన వృత్తానికి రుబియా దొరకదు

సంపాదకులకు నమస్కారం.

అనంతపురం పాతూరులో ఇరవై ఆరేళ్ళుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. ఫాల్సు, లైనింగు, పీకో, టూ బై టూ రుబియా జాకెట్టు గుడ్డలు మా సరుకు. అరల్లో రెండొందల పైచిలుకు షేడ్లుంటాయి. కరెంటు పోయినా ఏ షేడు ఏ అరలో ఉందో చెయ్యి పెట్టి తీస్తాను. పోయిన ఆదివారం మీ అనుబంధంలో ‘మీది ఏ ఋతువు?’ అని ఒక పేజీ వేశారు, ఒంటిరంగును బట్టి మనుషులను నాలుగు ఋతువులుగా విడదీసి ఎవరికి ఏ రంగు గుడ్డలు నప్పుతాయో చెప్పే పద్ధతి గురించి. సోమవారం నేను షట్టర్ ఎత్తి అగరొత్తి వెలిగించే లోపలే ఒకామె వచ్చింది. పర్సులోంచి రూపాయి బిళ్ళంత కాగితం ముక్క తీసి బల్ల మీద పెట్టి, “అక్కా, నాది శరత్కాలమంట. ఈ రంగు రుబియా ఒక మీటరు ఇయ్యి” అంది. మీ పేజీలో అచ్చయిన రంగు వృత్తం అది, కత్తెరతో నున్నగా కత్తిరించుకొచ్చింది. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు అట్లాంటి ముక్కలే పట్టుకొచ్చారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ ముక్క సంగతి చెబుతాను. మీ కాగితం తెలుపు కాదు. ఆ మాటకొస్తే ఏ పేపరు కాగితమూ తెలుపు కాదు, బూడిద కలిసిన పసుపు. దాని మీద నీలం, మెజెంటా, పసుపు, నలుపు అని నాలుగు సిరాలు చుక్కలు చుక్కలుగా పడితే మన కంటికి రంగు అవుతుంది. మా మామగారు పేపరు చదువుకునే భూతద్దం పెట్టి చూశాను. దూరానికి మామిడిపండులా కనిపించే ఆ వృత్తంలో ఉన్నది పసుపు చుక్కలూ, మెజెంటా చుక్కలూ, మధ్యమధ్య ఖాళీ కాగితమూ. మా ఇంటికి వచ్చిన కాపీలో అది మామిడిపండు. ఆమె తెచ్చిన ముక్కలో కొంచెం గులాబీకి తిరిగింది. ఒకే రోజు పేపరు, ఒకే పేజీ! దానికి సరిపోయే గుడ్డ ఇమ్మంటే ఏ కాపీని చూసి ఇవ్వాలి నేను?

రెండో ఆమె టీచరు. ఆమె బాధ వేరు. “శరత్కాలం అంటే తెలుపూ లేత నీలమూ కదా అక్కా, ఇటుక రంగు వేశారేంది?” అని నన్ను నిలదీసింది. అదీ నిజమే. ఈ పద్ధతిలో, మీరు శరత్కాలం అని వేసిన ఆటమ్ అంటే చలిదేశాల్లో ఆకులు రాలిపోయే ముందు చెట్లు తిరిగే రంగులు: తుప్పు, ఇటుక, ఆవపిండి, ముదురు ఆలివ్. మనకు శరత్తు అంటే వానలు వెలిసిన ఆకాశం, వెన్నెల, రెల్లుపూలు. మాట తెలుగయింది గానీ రంగు తెలుగు కాలేదు. సమ్మర్‌ను వేసవి అని వేశారు, అది మరీ అన్యాయం. వాళ్ళ సమ్మర్ అంటే పొగమంచు కప్పినట్టు చల్లగా, లేతగా, మసకగా ఉండే రంగులు. మే నెలలో మా టవర్ క్లాక్ దగ్గర మిట్టమధ్యాహ్నం నిలబడి వేసవి అంటే చల్లని రంగులని ఎవరితోనైనా అనండి చూద్దాం. స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్ అని ఉన్నవి ఉన్నట్టు వేసి ఉంటే గొడవే లేకపోయేది. జాకెట్టు అనడం లేదా, రుబియా అనడం లేదా?

ఈ ఋతువుల గోల మా ఇంట్లోకి మీ పేపరు కంటే ముందే వచ్చింది. మా చెల్లెలి కూతురికి బెంగళూరులో ఉద్యోగం, మాఘమాసంలో పెళ్ళి. ఫోనులో నాలుగు ఫోటోలు పంపి, మూడున్నర వేలు కట్టి, ‘సాఫ్ట్ ఆటమ్’ అనిపించుకుంది. నెల తిరక్కముందే స్నేహితురాలు ఒక స్టూడియోకు తీసుకుపోయింది. అక్కడ అద్దం ముందు కూర్చోబెట్టి, ముఖం కడిగించి, జుట్టుకు తెల్లగుడ్డ చుట్టి, గడ్డం కింద ఒక్కో గుడ్డా వేసి తీసి ‘డీప్ వింటర్’ అని తేల్చారు. ఆటమ్ వెచ్చని రంగుల మనిషి, వింటర్ చల్లని రంగుల మనిషి. ఒకే పిల్ల, నెల లోపల ఆ కొస నుంచి ఈ కొసకు పోయింది. రేపు ధర్మవరం పోయి పెళ్ళిచీర తీసుకోవాలనగా ఇంట్లో ఏడుపొక్కటే తక్కువ. పైగా వింటర్ వాళ్ళకు వెండి జరీయే నప్పుతుందట. మా అమ్మ అంతా విని, “పెండ్లికి యెండి జరీ ఏందే? యాడన్నా ఉండాదా?” అని లేచి వంటింట్లోకి పోయింది.

ఆ పిల్ల కోసమే రాత్రుళ్ళు దుకాణం కట్టేశాక ఫోనులో చదివాను. కొట్టిపారేసే విద్యేం కాదు. బౌహౌస్ అని జర్మనీలో ఒక పేరుమోసిన కళాశాల ఉండేది. అక్కడ 1919 నుంచి 1923 దాకా పాఠాలు చెప్పిన స్విస్ చిత్రకారుడు యొహానెస్ ఇట్టెన్ ఒక సంగతి కనిపెట్టాడు. విద్యార్థులను ఎవరికి నచ్చిన రంగులు వాళ్ళను కలపమంటే, ఒక్కొక్కరూ తమ జుట్టుకూ ఒంటిఛాయకూ దగ్గరగా ఉండే రంగులే వేశారట. తర్వాత అమెరికాలో సుజాన్ కేగిల్ అనే ఆమె మనుషులను నాలుగు ఋతువులుగా చేసింది. 1980లో క్యారోల్ జాక్సన్ పుస్తకంతో అది ఇంటింటికీ పోయింది. ఇప్పుడు కొరియా పిల్లల వల్ల మన పిల్లల ఫోన్లలోకి వచ్చింది. అడిగే ప్రశ్నలు మూడే. రంగు పసుపు వైపు మొగ్గిందా, నీలం వైపు మొగ్గిందా? లేతా, ముదురా? నిగనిగలాడేదా, మసకదా? నాలుగు ఋతువులనూ తలా మూడు ముక్కలు చేసి పన్నెండు చేసింది తర్వాతివాళ్ళు. గుడ్డలమ్మే నాకు ఈ మూడు ప్రశ్నలూ కొత్తేం కాదు. టమాట ఎరుపు పసుపు వైపుది, బచ్చలిపండు నీలం వైపుది. ఉల్లిపొర మసకది, రాణి పింక్ నిగనిగలాడేది.

అయితే మనుషులకు ఈ ఋతువుల పెట్టెలు చేసినవాళ్ళ కళ్ళ ముందున్నది బంగారు జుట్టు, ఎర్రజుట్టు, నీలి కళ్ళు, ఆకుపచ్చ కళ్ళు. మనందరివీ నల్లజుట్టు, నల్లకళ్ళు. అందుకని మొదట్లో మనలాంటి వాళ్ళను చాలావరకు వింటర్ పెట్టెలో వేసి మూత పెట్టేశారు. మా వీధి కొచ్చి చూస్తే తెలుస్తుంది. వేయించిన వేరుశనక్కాయ పొట్టు రంగు మనిషి ఉంటుంది, నేరేడుపండు నలుపు మనిషి ఉంటుంది. ఇద్దరినీ ‘నలుపు’ అనే అంటారు. మొదటామెకు నప్పే ఆవపిండి రంగు రెండో ఆమె మెడ కింద పెడితే ముఖం జ్వరం పడి లేచినట్టు ఉంటుంది.

మీ పేజీలో మణికట్టు నరాల పరీక్ష ఇచ్చారు. పచ్చగా కనిపిస్తే వెచ్చని ఛాయ, నీలంగా కనిపిస్తే చల్లని ఛాయ అని. నరంలో రక్తం పచ్చదీ కాదు, నీలమూ కాదు, ముదురు ఎరుపు. పైనున్న చర్మం మందాన్ని బట్టీ, దాని రంగును బట్టీ, పడే వెలుతురును బట్టీ కంటికి అట్లా కనిపిస్తుంది. నా నరం దుకాణంలో గల్లాపెట్టె దగ్గర పచ్చగా ఉంది, మెట్టు దిగితే నీలంగా ఉంది. నాలుగు మెట్లలో నా ఋతువు మారిందా?

నా ఫిర్యాదంతా ఈ మెట్ల దగ్గరే. పేజీ నిండా రాశారు గానీ వెలుతురు గురించి ఒక్క ముక్క రాయలేదు. మా వ్యాపారంలో మొదటి పాఠం అదే. ట్యూబులైటు కింద చీరకు అతికినట్టు సరిపోయిన ఫాలు బజారులోకి తెచ్చేసరికి వేరే చీరదైపోతుంది. ఒకే రంగుగా కనిపించే రెండు గుడ్డలను వేర్వేరు అద్దకాలతో వేసి ఉంటే, వెలుతురు మారగానే విడిపోతాయి. ఇప్పటి ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటి లోపల ఉండేది నీలం వెలుగు, దాని మీద పసుపు పూత. రెండూ కలిసి తెలుపుగా కనిపిస్తాయి గానీ, చౌక రకాల్లో ఎరుపు పాలు తక్కువ. అందుకే మిరపపండు ఎరుపు చీర ఆ బల్బుల కింద వాడిపోయినట్టుంటుంది. ఎరుపు వాడిపోతే ముఖంలో నెత్తురూ వాడిపోతుంది. ఇక ఫోను కెమెరా సంగతి చెప్పక్కర్లేదు, తెలుపు ఏదో అదే తేల్చుకుంటుంది, అడగకుండానే నునుపు చేస్తుంది. మా పిల్ల కట్టిన మూడున్నర వేలు తన హాస్టలు గది బల్బుకు పోయాయని నా అనుమానం.

మా దుకాణం ఎదురుగా పూత పూయని సిమెంటు గోడ ఉంది. ఎవరు కట్టించారో గానీ పదేళ్ళుగా అట్లాగే ఉంది, రంగు వెయ్యనందుకు వాళ్ళకు దండం పెట్టాలి. బెంగళూరు స్టూడియోలో డబ్బు పెట్టి వేయించుకునే బూడిద రంగు గోడ అది. ధర్మవరం పోయే రోజు పొద్దున పదింటికి, నేరుగా ఎండ తగలకుండా ఆ గోడ నీడలో మా పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టాను. ముఖం కడిగించి, జుట్టుకు నా తెల్ల తువ్వాలు చుట్టాను. లోపలి నుంచి టమాట ఎరుపు తెచ్చి గడ్డం కింద పరిచాను. మేం చూసింది గుడ్డను కాదు, ముఖాన్ని. కళ్ళ కింద నలుపు పైకి తేలింది, మూతి చుట్టూ ఛాయ ముదిరింది. అది తీసి బచ్చలిపండు వేశాను. కంటి తెలుపు తేటపడింది, గడ్డం గీత గీసినట్టు కనిపించింది. మా చెల్లెలు పక్కనే నిలబడి “అబ్బ!” అంది, ఆమెకు ఈ ఋతువులేవీ తెలియవు. ఉల్లిపొర వేస్తే పిల్లే అద్దం చూసుకుని “తీసెయ్ పెద్దమ్మా” అంది. అంటే స్టూడియో వాళ్ళే దగ్గరగా వచ్చారు. కానీ ఆ బచ్చలిపండు మీదే ఒకసారి బంగారు జరీ అంచు, ఒకసారి వెండి జరీ అంచు పెట్టి చూశాను. ముఖంలో వెంట్రుకవాసి తేడా లేదు. పెట్టెలో రాసిందని పెళ్ళికి బంగారు జరీ మానుకోవడమెందుకు? అయినా నలుగు పెట్టి పసుపు రాసిన రోజున ఎవరైనా ఆటమే కదా.

ధర్మవరంలో ఇంకో చిక్కు వచ్చింది. అక్కడ పడుగు ఒక రంగు, పేక ఒక రంగు నేస్తారు. నెమలికంఠం చీరను ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే పచ్చ. అది ఏ ఋతువు? కుచ్చిళ్ళలో ఏ రంగున్నా ముఖానికి తగిలేది జాకెట్టూ, భుజం మీది పైటే. చీర నప్పకపోయినా మనసుకు నచ్చిందనుకోండి, జాకెట్టు మార్చండి, ముఖం దానిమాట వింటుంది. ప్యారిస్‌లో గోబ్లాన్ అని రాజులకు తెరలు నేసే శాల ఉంది. షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అక్కడ అద్దకాలు చూసేవాడు. మీ నల్లదారం నల్లగా లేదని ఫిర్యాదు వస్తే ఆయన పరీక్షించాడు. అద్దకం బాగానే ఉంది, పక్కన నీలం దారం ఉండడం వల్ల నలుపు తగ్గినట్టు కనిపిస్తోందని తేల్చి, 1839లో పుస్తకమే రాశాడు. పక్కనున్న రంగు ముఖాన్ని మార్చడమూ అదే లెక్క. ఆ పుస్తకం వచ్చి నూటఎనభై ఏళ్ళు దాటినా మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇంకా దారం మీదే ఫిర్యాదు చేస్తారు.

చివరికి అసలు కోపం వచ్చిన వాక్యం దగ్గరికి వస్తాను. ‘మీ ఛాయను రెండు షేడ్లు తెల్లగా చూపించే రంగులు’ అని పేజీ మధ్యలో లావు అక్షరాలతో వేశారు. నేను చదివినంతలో ఈ విద్యలో ఆ మాటే లేదు. చూడాల్సింది కళ్ళ కింద, మూతి చుట్టూ ఛాయ సమంగా ఉందా లేదా అని. తెల్లబడిందా అని కాదు. నా పెళ్ళిచూపులకు మా మేనత్త రంగు తేలుతుందని లేత గులాబీ చీర కట్టించింది. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది, సున్నం కొట్టిన గోడకు ఆనించిన పెనంలా ఉన్నాను. నాకు నప్పేది మిరపపండు ఎరుపని నలభయ్యో ఏట తెలిసింది. అదీ గుడ్డ తాను విప్పుతూ అనుకోకుండా భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటే. అప్పటిదాకా ఆ రంగు నల్లవాళ్ళకు కాదనే విన్నాను. రోజూ నా బల్ల ముందు ఎవరో ఒకమ్మ కూతురి గురించి, “రంగు తక్కువ, లేతది చూపించక్కా” అంటుంది. ఆ పిల్ల పక్కనే ఉండి వింటుంది. మీ లావు అక్షరాలు ఆ అమ్మ చేతికి ఇంకో కాగితం ఇచ్చాయి.

వచ్చే ఆదివారం ఒక మూల చిన్న సవరణ వేయండి. అచ్చు వృత్తాలను గుడ్డతో పోల్చవద్దని, ఫోటోలతో తేల్చుకోవద్దని, ముఖం కడుక్కుని పగటి నీడలో ఇంట్లో ఉన్న చీరలే గడ్డం కింద పెట్టి చూసుకోమని రాయండి. ఆ లావు అక్షరాల వాక్యం తప్పని కూడా రాయండి.

మొదటామె కత్తిరించిన వృత్తం నా బల్ల మీదే వదిలేసి పోయింది. దాన్నీ, దానికి దగ్గరగా వచ్చిన మూడు రుబియా ముక్కలనూ ఈ ఉత్తరానికి పిన్ను కొట్టి పంపుతున్నాను. మీ ఆఫీసు ట్యూబులైటు కింద ఒకసారి, కిటికీ దగ్గర ఒకసారి చూడండి.

ఇట్లు,
ఒక మ్యాచింగ్ సెంటర్ యజమానురాలు,
పాతూరు, అనంతపురం.